తలొంచుకుంటే కనిపించేవి

తలొంచుకో, మరీ గడ్డం గుండెకి ఆనేలా కాదు, కాస్త, అంటోంది అమ్మ, పళ్ళ మధ్య రెండు పిన్నీసులు పట్టుకుని నా భుజం మీద పమిట మడతలు సర్దుతూ. ఈ మాట వినడం ఇది తొమ్మిదోసారి. తలొంచుకున్న పిల్లకి ఏం కనిపిస్తుందో అమ్మకి తెలియదు. అమ్మ పెళ్ళిచూపుల నాడు అందరూ చెప్పులు గుమ్మంలో విడిచి వట్టి కాళ్ళతో వచ్చి చాప మీద కూర్చున్నారట, వట్టి కాళ్ళల్లో చూడ్డానికేముంటుంది. ఇప్పుడు పెళ్ళికొడుకులందరూ బూట్లతో వస్తారు. బూట్లు మన ఇళ్ళల్లో గడప దాటవు, సాక్సులు దాటతాయి. ట్రే పట్టుకుని నేలచూపులతో నడిచొచ్చే పిల్లకి మొహం కంటే ముందు, జీతం కంటే ముందు, సోఫా కింద పక్కపక్కనే ఒద్దికగా పెట్టుకున్న ఆ రెండు సాక్సులే కనపడతాయి. మొహానికైతే నవ్వు తెచ్చిపెట్టుకుంటారు గానీ పాదాలకి ఏం తెచ్చిపెట్టుకుంటారు, మొదటి ఆరుగురినీ నేనలాగే చూశాను, ఆరు జతలు, మొహాలు మర్చిపోయాను, సాక్సులన్నీ గుర్తే. పిడుగురాళ్ల నుంచి వచ్చినాయన నల్ల సాక్సుల మీద సున్నప్పొడి, వాళ్ళకి సున్నం బట్టీలున్నాయి, ఎంత దులిపినా పోదు కాబోలని జాలేసింది. ఒంగోలాయన అరికాలికి కంపెనీ స్టిక్కరు ఇంకా అంటుకునే ఉంది, కాలు మీద కాలేసుకున్నప్పుడల్లా అది సరిగ్గా మా నాన్నకి ఎదురుగా వచ్చేది, నాన్న దాన్ని చదవకుండా ఉండలేక ఎంత అవస్థ పడ్డాడో. ఇంకొకతని బొటనవేలు చిరుగులోంచి బయటికొచ్చి లోకాన్ని చూస్తోంది, పాపం రెండో పాదాన్ని దానిమీద కప్పి గంటసేపు కదలకుండా కూర్చున్నాడు, సిగ్గుపడేవాడు మంచివాడే అయ్యుంటాడని నాకు నచ్చాడు, జాతకాలు కుదర్లేదన్నారు.

ఇక ఆ ఆరో అతను, అతని సంగతి తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకుంటాను. బూడిదరంగు మీద సన్నటి మెరూన్ గీత, మంచి పొడవు పింజ నూలు, మడమ దగ్గర ముడత లేదు, చీలమండ కిందికి జారలేదు, ఆ జతని చూసి నేను మనసులో సగం పెళ్ళి చేసేసుకున్నాను. ఇంతలో వాళ్ళ బాబాయి కాఫీ చప్పరిస్తూ, అమ్మాయి ఉద్యోగం మానేస్తుంది కదండీ అన్నాడు, కదండీ అనడంలోనే జవాబు కూడా వాళ్ళే చెప్పేసుకున్నారు. నేను తలెత్తి అతని వైపు చూశాను. అతను ఫోన్లోంచి తలెత్తలేదు. అంత ముచ్చటైన సాక్సులు ఏరుకున్న మనిషికి ఒక్క మాట దొరకలేదు. వద్దని నేనే చెప్పించాను, అతని మీద కంటే నా మీదే నాకు కోపమొచ్చింది, పదకొండేళ్ళుగా చీరాల నేత యూనిట్లో గుడ్డ చెక్ చేసే సెక్షన్ నాది, వెలుతురు బల్ల మీద బారలు బారలుగా గుడ్డ జారిపోతుంటే తెగిన పోగు, తప్పిన పోగు, రంగు తేడా కంటితో పట్టుకుని సుద్దగీత గీసేదాన్ని, నేనే ఇలా బోల్తా పడితే ఎలా. ఆ రోజే ఒట్టేసుకున్నాను, మనిషిని సాక్సుల్లో చదవకూడదని. ఆ తర్వాత వచ్చిన ఇద్దరినీ తలెత్తి మొహాల్లోకే చూశాను, వాళ్ళిద్దరూ నాకు పొగరన్నారు.

ఈ పిచ్చి నాకు నాన్న పెట్టిందే. జయరావు మాస్టారంటే ఊళ్ళో అందరికీ ఈల గుర్తొస్తుంది, ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, నాకు మాత్రం పెరట్లో తీగ మీద ఆరు జతల తెల్ల మేజోళ్ళు గుర్తొస్తాయి. సాక్సులు అనడాయన, మేజోళ్ళనే అంటాడు. నాకు ఏడేళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఆ ఆరు జతల బాధ్యత నాది. ముందు తిరగేయాలి, చెమటంతా లోపలే ఉంటుంది కదా, గోరువెచ్చటి నీళ్ళల్లో నానేసి చేత్తోనే నలపాలి, బ్రష్షు తగలకూడదు, గట్టిగా పిండకూడదు, కాలివేళ్ళ వైపు క్లిప్పు పెట్టి నీడన ఆరేయాలి, ఎండలో ఆరేస్తే పైనున్న ఎలాస్టిక్ చచ్చిపోతుంది, అప్పుడది పిల్లల ముందు మార్చింగ్‌లో జారిపోతుంది, మాస్టారు జారితే పిల్లలు ఊరుకుంటారా. ఆరాక జతలు కలపడం ఇంకో పరీక్ష, తెలుపులో ఎన్ని తెలుపులో, నీలిమందు ఎక్కువైన తెలుపు, ఉతికి ఉతికి పాలిపోయిన తెలుపు, మట్టి తాకి ఎన్నటికీ తేరుకోని తెలుపు. చొక్కా అయితే అందరూ చూస్తారమ్మా, మేజోడు ఎవరూ చూడరు, చూడనిది ఎలా ఉంచుకున్నాడో చూస్తే మనిషి తెలిసిపోతాడు, అనేవాడు. నాకు రంగుల కన్ను ఆ తీగ కిందే వచ్చింది, డిప్లొమాలో చేరినప్పుడు మేడమ్ రెండు తెలుపులు ముందు పెట్టి తేడా చెప్పమంటే క్లాసులో నేనొక్కదాన్నే చెప్పాను.

వచ్చేశారు, వచ్చేశారు, అంటూ అమ్మ ఆఖరి పిన్నీసు నాకే గుచ్చినంత పనిచేసి వంటింట్లోకి పరిగెత్తింది. వీధిలో కారు ఆగింది, తలుపులు మూడుసార్లు చప్పుడయ్యాయి, అంటే ముగ్గురే, ముగ్గురే వచ్చారా, ఇదివరకెప్పుడూ ఏడుగురికి తక్కువ రాలేదు. నాన్న పాత శిష్యుడు వీరబాబు తెచ్చిన సంబంధం ఇది, అద్దంకి దగ్గర పల్లెటూరు, వాళ్ళకి మిరప చేలు, అబ్బాయి గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజిలో మేనేజరు, ముప్ఫై ఆరు, పేరు చైతన్యకృష్ణ. గుమ్మం దగ్గర బూట్ల లేసులు విప్పుతున్న చప్పుడు, నాకు చెవులు కూడా అటే, నిదానంగా విప్పుతున్నాడు, కాలితో కాలు తొక్కి లాగేసే రకం కాదు, చాలు శరణ్యా, ఒట్టు గుర్తుంచుకో. ఇంతలో హాల్లో నాన్న ఒక తుమ్ము, అమ్మ ఒక తుమ్ము, మళ్ళీ నాన్న. ఒక ఆడగొంతు గణగణమంది, "ఏమనుకోకండి మాస్టారూ, కల్లంలోంచి తిన్నగా కారెక్కాం, మా బట్టల్లో ఘాటు పోదు. ఇవిగో, మీకని ఎండుమిరపకాయలు తెచ్చాం, తొడిమలు కూడా తీసేశా." నాన్న తుమ్ములోనే నవ్వాడు. తెర వెనక నేను కూడా నవ్వుకున్నాను, ట్రే మీద కప్పులు గలగలమన్నాయి.

నడుస్తున్నాను. ఎనిమిది గచ్చు పలకలు దాటితే టీపాయి. తలెత్తి మొహం చూస్తాను, మొహమే చూస్తాను అనుకుంటూనే, పొగరన్న మాట గుర్తొచ్చి, అమ్మ కళ్ళు గుర్తొచ్చి, తల వంగిపోయింది. ముందు ఒక జత వట్టి పాదాలు, పగుళ్ళల్లో ఎర్రటి మిరపపొడి ఇంకిపోయింది, అవి వాళ్ళ నాన్న బుల్లయ్యగారివి. పక్కన వెడల్పాటి పాదాలు, వెండి మట్టెలు, బసవమ్మగారివి. ఆ పక్కన ముదురు నీలం సాక్సులు. నలుపనుకునే నీలం. సన్నటి గీతల అల్లిక, పిక్క మీదికి తిన్నగా లాగి ఉంది, గీతలు ఎక్కడా వంకర తిరగలేదు, బాగా పాతవి, కానీ ఒక్క నూలు ఉండ లేదు, తిరగేసి ఉతికినవాటికి తప్ప పైన ఉండలు కట్టకుండా ఉండవు. కుడి బొటనవేలి మీదకొచ్చి నా చూపు ఆగిపోయింది. అక్కడ కుట్టుంది. చిరుగుని దగ్గరికి లాగి ముడేసిన కుట్టు కాదది. చిరుగుకి అడ్డంగా దారాలు పరిచి, వాటి మీంచీ కిందనించీ నిలువు దారం ఒక్కొక్కటే పోనిచ్చి, మగ్గం మీద నేసినట్టు, బటాణీ గింజంత గుడ్డ నేశారు. నీలానికి నీలమే, ఒక్క ఛాయ తేడా, ఆ తేడా ఈ ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ కనపడదు. పెళ్ళిచూపులకి కుట్టిన సాక్సులేసుకొచ్చాడా, పిసినారా, మతిమరుపా, లేకపోతే మాయింటికి ఇవి చాలనుకున్నాడా, కాదు, ఇంత ఓపికగా కుట్టినదాన్ని తక్కువని ఎలా అనుకుంటారు, ఎవరు కుట్టుంటారు, బసవమ్మగారి వేళ్ళు చూస్తే మిరపకాయలు కోసి కోసి కాయలు కాశాయి, ఆ సూది పట్టే వేళ్ళు కావు, అక్కచెల్లెళ్ళున్నారా, ఎవరు, ఎవరు.

"ఆ బొటనవేలి దగ్గర కుట్టు ఎవరు వేశారండి?"

నా గొంతే. నేనే అడిగాను. అమ్మ మొహంలో తొమ్మిదో సంబంధం కూడా గేటు దాటి వెళ్ళిపోవడం నాకు కనపడింది. ఆ నీలం పాదం వెనక్కి జరగబోయి, ఆగి, మళ్ళీ ముందుకొచ్చింది.

"నేనేనండి," అన్నాడతను.

"చెప్పానా!" బసవమ్మగారు తొడ మీద చరిచారు. "కొత్తవి కొనుక్కున్నావు కదరా, అవేసుకోరా, పరువు తియ్యమాకరా అని మొత్తుకున్నా. వింటాడా!"

"మావాడికి కాళ్ళకే షోకండీ మాస్టారూ," బుల్లయ్యగారు మొదటిసారి నోరు విప్పారు, "మిగతా మనిషికి లేదు."

నేను తలెత్తాను. చామనఛాయ మొహం, ముందు జుట్టు కాస్త పల్చబడింది, చెవులు ఎర్రబడ్డాయి. నా వైపే చూస్తున్నాడు, ఫోను ఎక్కడుందో కూడా తెలీదు. కొత్తవి బాగానే ఉన్నాయండి, కానీ ఇవేసుకుంటే కంగారుండదు, అందుకని, అన్నాడు. కంగారుండదు అన్న మాటకి నా లోపల ఏదో ముడి ఒకటి సుళువుగా విడిపోయింది, నేను కూడా పెట్టెలో పట్టుచీర ఉండగా ఈ మెత్తటి నూలుచీర అందుకే కట్టుకున్నాను, కొత్తది కట్టుకోవే అని అమ్మ మొత్తుకుంటుంటే. నాన్న గొంతు సవరించుకుని, పిల్లలు డాబా మీదకెళ్ళి మాట్లాడుకుంటే బాగుంటుందేమో అన్నాడు. ఆయన నా మొహం కాదు, అతని పాదాలే చూస్తున్నాడు, ఆయన కళ్ళల్లో పరేడ్‌లో బాగా నిలబడిన కుర్రాణ్ణి చూసినప్పటి వెలుగు.

మెట్లెక్కుతుంటే నా ముందు ఆ మడమలు, ఒక్కో మెట్టు మీద చప్పుడు లేకుండా. డాబా మీద పక్క మేడ నీడ నీళ్ళ ట్యాంకు దాకా పరుచుకుని ఉంది, ఆ నీడలోంచే నడిచి ట్యాంకు కింద నిలబడ్డాం, వెనక నుంచి విజయవాడ వైపు ఏదో రైలు పోతోంది. తర్వాత ఎలా మొదలైందో, అతనే చెప్పడం మొదలెట్టాడు. కోల్డ్ స్టోరేజి లోపల ఒళ్ళు గడ్డకట్టే చలి, బయటికొస్తే గుంటూరు ఎండ, రోజుకి ఇరవై సార్లు లోపలికీ బయటికీ, ఊలువి వేస్తే బయట ఉడికిపోతాయి, నైలాన్‌వి వేస్తే లోపల కొయ్యబారతాయి, అందుకని మంచి నూలువే కొంటాడట. కొట్లో పిడికిలి మీదికి లాగి చూస్తానండి, వేళ్ళ కణుపులు కనపడితే కొనను, కొట్టువాళ్ళు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు, అన్నాడు. చేరిన మొదటి వారం సాక్సులూ బనియన్లూ ఒకే బకెట్లో నానేశాడట, సాక్సుల నిండా మిరపపొడి, బనియన్ వేసుకున్నాక తెలిసిందండి, ఆ రోజంతా ఎవరితో మాట్లాడినా ఆవలింతలు తీసినట్టు నోరు తెరిచి ఊదుకుంటూనే ఉన్నా, అంటుంటే నాకు నవ్వాగలేదు, పెళ్ళిచూపుల్లో పళ్ళు కనపడేలా నవ్వకూడదు కదా, పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, అతను ఇంకాస్త నవ్వించడానికి ఆ మంట ఎక్కడెక్కడిదాకా పోయిందో చెప్పబోయి, ఎవరితో మాట్లాడుతున్నాడో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

కుట్టడం ఎవరు నేర్పారని అడిగాను. స్టోరేజిలో బస్తాలు కుట్టే ఇమాం హుస్సేన్ గారట, గోనె బస్తాకి చిల్లు పడితే దబ్బనంతో అడ్డంగా నిలువుగా పురికొస అల్లి చిల్లు పూడ్చేవారట, అది చూసి, దబ్బనం బదులు సూది, పురికొస బదులు నూలు, సాక్సులోపల స్టీలు గ్లాసు బోర్లించి పెట్టుకుని నేర్చుకున్నాడట. మొదటి కుట్టు లోపల ముడి పడి వేలికి పుండయిందండి, అప్పుడు తెలిసింది, కుట్టు పైకెంత బాగున్నా ముడి ఉంటే నడవలేమని, ముడి వెయ్యకుండా దారం కొసని అల్లికలోనే పోనివ్వాలి. మా యూనిట్లో నేను కూడా ఇదే మాట కొత్తగా చేరిన పిల్లలకి చెప్తాను, పోగు తెగితే ముడేసి వదిలెయ్యకండి అని, అచ్చం ఇవే మాటలు కాకపోయినా ఇదే. ఇప్పుడు అడగాలి, ఇప్పుడు అడక్కపోతే మళ్ళీ ఒక బూడిదరంగు సాక్సుల కథవుతుంది, ఎంత బాగుంటే అంత ముందుగా అడగాలి.

"నేను ఉద్యోగం మానను," అన్నాను.

"మానమని ఎవరన్నారండీ?"

"మీరు గుంటూరు, నేను చీరాల."

"బాపట్లలో ఇల్లు తీసుకుందామనుకున్నా. మీరటు, నేనిటు."

"అది మధ్యలో కాదు. నాకే బాగా దగ్గర."

"అవునండి," అన్నాడు. "పొద్దున్నే నాకు రైలుంది, చూశాను."

చూశాడట. నన్ను చూడకముందే రైళ్ళ టైములు చూశాడట. ఆకాశం వైపు చూశాను, కళ్ళు చెదిరాయి, కిందకి చూశాను, అప్పుడర్థమైంది నేను ఎంతసేపట్నుంచో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నానని. ఏప్రిల్ ఎండ, పన్నెండు కావస్తోంది, పక్క మేడ నీడ జరిగి జరిగి తన గోడలోకే పోయింది, ట్యాంకు కింద చాటంత నీడ మిగిలింది మాకు, అందులోనూ సగం నా కాళ్ళ కిందనుంచి జారిపోయింది, మెట్లు అవతలి చివర, మధ్యలో పాతిక అడుగుల సిమెంటు పెనంలా కాలుతోంది. అమ్మా అని ఎగిరాను. అతను నా పాదాల వైపు చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ట్యాంకు స్తంభానికి ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి సాక్సు విప్పడం మొదలెట్టాడు, పైనుంచి చుట్టుకుంటూ, లాగకుండా, ఆ తొందర్లో కూడా ఎలాస్టిక్ సాగకుండా.

"వేసుకోండి."

"మరి మీ కాళ్ళో?"

"మిరప కల్లంలో తిరిగిన కాళ్ళండి ఇవి, ఏం కాదు."

పరాయి మగవాడి సాక్సులు, ఎవరైనా చూస్తే, అమ్మ చూస్తే, అనుకుంటూనే అతని భుజం పట్టుకుని ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. వెచ్చగా ఉన్నాయి, నాకు బాగా పెద్దవి, మడమ చోటు చీలమండ మీదికొచ్చింది, బొటనవేలితో లోపల ఆ కుట్టుని తడిమాను, అటూ ఇటూ, ఒకసారి కాదు, రెండుసార్లు. ఎక్కడా ముడి లేదు. నేను దొరసానిలా నడుస్తున్నాను, అతను నాలుగడుగులు హుందాగా వేశాడు, ఐదో అడుగుకి ఒక మూలుగు, ఆరో అడుగు నుంచి పరుగు, గెంతులు, మెట్ల దగ్గర నీడలో పడి రెండు పాదాలూ చేతుల్లో పట్టుకుని ఊదుకుంటుంటే, కల్లం కాళ్ళన్నారు కదండీ అన్నాను, కల్లంలో నీళ్ళు చల్లుకుంటామండి అన్నాడు. ఇద్దరం మెట్ల గోడకి ఆనుకుని నవ్వుతూనే ఉన్నాం, కింద హాల్లోకి వినపడుతుందని తెలిసి కూడా, ముప్ఫై మూడేళ్ళల్లో ఒక ముక్కూమొహం తెలియని మనిషి పక్కన ఇంత నవ్వింది లేదు, ముక్కూమొహం ఇప్పుడిప్పుడే తెలుస్తోంది, ముక్కు కొంచెం పెద్దదే.

కిందికి దిగాం. అమ్మ నా కళ్ళల్లో ఏదో వెతుక్కుంటోంది, నాన్న కావాలని క్యాలెండరు చూస్తున్నాడు. బసవమ్మగారి చూపు మాత్రం తిన్నగా కొడుకు కాళ్ళ మీదికెళ్ళింది, ఎర్రగా కందిపోయిన వట్టి పాదాలు.

"ఏరా, సాక్సులేవిరా?"

అతను నా వైపు చూడకుండా ఉండడానికి గోడ వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పేస్తాడు, పైన మర్చిపోయానని, తడిసిపోయాయని, నా పరువు కాపాడ్డానికి మంచి అబద్ధమే చెప్తాడు. నేను చెప్పనివ్వలేదు. చీర కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకెత్తి పట్టుకున్నాను.

"నా దగ్గరున్నాయత్తయ్యా," అన్నాను.

అండీ అనబోయాను, అత్తయ్యా అని వచ్చింది, వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అమ్మ గబుక్కున కొంగు కళ్ళకి అద్దుకుంది. బసవమ్మగారు నా పాదాల వైపు చూశారు, తర్వాత నా మొహం వైపు చూశారు, లేచొచ్చి కాయలు కాసిన ఆ చేత్తో నా చెంప పట్టుకుని, "అయితే ఉంచేసుకో తల్లీ," అని వీధి వీధంతా వినపడేలా నవ్వారు.